తుపాకీ మందుకీ మోతాదు ఉంటుంది

తెలుగులో 'మందు' అనే మాట నాకు చాలా ఇష్టం. అమ్మమ్మ ఫోన్‌లో "మందు వేసుకున్నావా?" అంటే జ్వరం మాత్ర. పెళ్ళిలో బాబాయిలు మెల్లగా "మందు ఉందా?" అంటే అది వేరే. పొలంలో కొట్టేదీ మందే, తుపాకీలో పోసేదీ మందే. ఈ రోజు ఆ చివరి మందు గురించి నా అభిప్రాయం రాస్తాను.

మేము ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ జింకల వేటకీ, గురి పోటీలకీ వెళ్ళేవాళ్ళు కొందరు తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. ఇండియాలో అలా కాదు. అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నేను .308 వించెస్టర్ రైఫిల్‌కి నింపుకుంటాను. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, బుల్లెట్.

చాలామంది "గురి ఒకటి, జాగ్రత్త ఒకటి" అనుకుంటారు. నేను ఒప్పుకోను. రెండింటికీ కావలసింది ఒకే అలవాటు: ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చింది రాసుకోవడం.

మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌనుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ రెండు గ్రెయిన్లకి కొంచెం తక్కువ. మాన్యువల్‌లో .308కి మొదలుపెట్టే మోతాదుకీ, దాటకూడని మోతాదుకీ తేడా చాలాసార్లు రెండు మూడు గురివింద గింజలంతే! అందుకే కూర్చునే ముందు త్రాసుని చెక్ వెయిట్‌తో సరిచూడాలి. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. డబ్బా మీద పేరు పూర్తిగా చదవాలి. హెచ్4350, ఐఎమ్ఆర్4350 అంకె ఒకటే, మందులు వేరు. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు.

"మాన్యువల్ వాళ్ళు లాయర్లకి భయపడి తక్కువ రాస్తారు" అనే మాట రేంజ్‌లో తరచుగా వినిపిస్తుంది. ఇది నాకు నచ్చని మాట. .308కి శామి పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. అది మన చెంపకి జానెడు దూరంలో పుడుతుంది. పుస్తకంలో లెక్క వాళ్ళ బ్యారెల్‌ది, వాళ్ళ మందు లాట్‌ది. మీ రైఫిల్ వేరు. అందుకే కింది మోతాదు నుంచి కొంచెం కొంచెంగా పెంచాలి. బుల్లెట్, ప్రైమర్, కేసు, లాట్, ఏది మారినా మళ్ళీ కింద నుంచే.

"ప్రైమర్ చదునైతే, బోల్ట్ బిగుసుకుంటే ఆపుతాను" అంటారు ఇంకొందరు. ఆ గుర్తులు కనిపించేసరికి ఒత్తిడి హద్దు దాటి ఉండొచ్చు. ఏ గుర్తూ లేదంటే క్షేమం అని అర్థం కాదు. క్రోనోగ్రాఫ్ ముందే చెబుతుంది. పుస్తకంలోని గరిష్ఠ వేగం మీకు తక్కువ మందుతోనే వచ్చేసిందా? అక్కడే ఆపండి. ఎండ కూడా లెక్కే. జనవరిలో హద్దు మీద ఉన్న తూటా ఆగస్టులో హద్దు దాటవచ్చు.

ఇక గురి. పది మోతాదులు, ఒక్కోదానికి మూడు గుళ్ళు పేల్చి, అన్నిటికన్నా చిన్న గుంపుకి ఫోటో తీసుకుంటారు. మూడు గుళ్ళు ఒకచోట పడటం అదృష్టం కావచ్చు. అదే మోతాదుతో పది పేల్చితే నిజం బయటపడుతుంది. చాలాసార్లు గురిని చెడగొట్టేది మందు కాదు, కేసుల్లో తేడా. .308 కేసు 2.015 అంగుళాలు దాటితే మూతి బ్యారెల్‌లో ఇరుక్కుని ఒత్తిడి పెరుగుతుంది. అందుకని 2.005కి కత్తిరిస్తారు. ప్రాణం కోసం చేసిన ఈ కొలత వల్లే కేసులన్నీ సమానమై గుంపు కూడా దగ్గరవుతుంది. నేను చెప్పేది ఇదే.

సెకనుకి ఇంకో యాభై అడుగుల వేగం కోసం హద్దు మీద కూర్చోవడం నాకు తెలివి అనిపించదు. వంద గజాల్లో జింకకి ఆ తేడా తెలియదు. మన కళ్ళకీ వేళ్ళకీ తెలుస్తుంది. డాక్టరు రాసిన మందుని మోతాదు దాటి మింగం కదా. ఇదీ మందే.

ప్రైమర్‌కి మీ ఊళ్ళో తెలుగు మాట ఉంటే చెప్పండి. నా నోటుబుక్కులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.