రూపాయి సభ్యత్వం, నాలుగణాల సభ్యత్వం

పోచారం దాటి ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా సాగే వరంగల్ రోడ్డు భువనగిరి చేరుతుంది. 1944లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ పదకొండో సమావేశం జరిగిందీ, మహాసభ రెండుగా చీలిందీ ఆ ఊళ్లోనే. ఆ చీలిక పుణ్యమా అని చరిత్ర పాఠాల్లో మాడపాటి హనుమంతరావు మితవాదిగా, రావి నారాయణరెడ్డి అతివాదిగా స్థిరపడిపోయారు. ఒకాయనది అర్జీల దారి, మరొకాయనది పోరాటాల దారి అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి గానీ, ఇద్దరి రాజకీయ జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జవాబు నిలవదు. ఇద్దరూ తలకెత్తుకున్న సమస్యల్లో ముఖ్యమైనది ఒకటే, వెట్టిచాకిరి. హైదరాబాద్‌లో వెలువడిన హుకుం ఊళ్లో అమలయ్యేలా చూసేదెవరన్న దగ్గరే వాళ్ల దారులు వేరయ్యాయి.

1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే పుట్టి, తరవాత ఆంధ్ర మహాసభగా ఎదిగిన ఆంధ్ర జనసంఘానికి మాడపాటి వెన్నెముక అయ్యారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలమది. ఆ పరిస్థితిలో వర్తకుల హక్కుల మీద, వెట్టి మీద చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం, ఉర్దూ రాజ్యమేలుతున్న నగరంలో 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల తెరవడం మెతకదనమేమీ కాదు. వకీలుగా ఆయనకు సర్కారు భాషా తెలుసు, సర్కారు సహనం ఎక్కడిదాకానో కూడా తెలుసు. చిక్కల్లా మరోచోట ఉంది. మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి. అది కట్టగలిగేది వకీళ్లూ, వర్తకులూ, కాస్త కలిగిన రైతులూ. వెట్టి చేసేవాడు సభకు విషయమయ్యాడు తప్ప సభ్యుడు కాలేదు. పైగా వెట్టిని అదుపు చేసే ఉత్తర్వులు ఊళ్లో అమలు చేయాల్సింది వెట్టి మీద బతికే దేశ్‌ముఖులూ, పటేల్ పట్వారీలే. హుకుం గడీ గుమ్మం దాకా వచ్చి అక్కడే చచ్చిపోయేది.

భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908లో భూస్వామి ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డి మొదటినుంచీ తుపాకీ మనిషేమీ కాదు. కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, హరిజన సేవక సంఘంలో పనిచేశారు, 1938 స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. మహాసభలోనే ఎదిగి 1941లో చిలుకూరు సభకు అధ్యక్షుడయ్యారు. ఆయన నాయకత్వంలో సభ్యత్వం నాలుగణాలకు దిగింది. నా దృష్టిలో ఆ తర్వాత జరిగిన దానికంతటికీ ఇదే మలుపు. ఊరూరా మహాసభ సంఘం పుట్టాక, వెట్టి చేయనని చెప్పే మనిషికి వెనక నలుగురు నిలబడ్డారు. ఆ సంఘాన్ని అణచడానికే 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు.

మాడపాటి ఓర్పు లేకపోతే సంస్థే మిగిలేది కాదని కొందరంటారు. నిజమే. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించిన సర్కారది. అయితే ఆ ఓర్పు నిలబెట్టిన సంస్థకు ఊళ్లో కాళ్లు మొలిచింది తరవాతి తరంలో. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: నిజాం దిగింది 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక గదా, సాయుధ పోరాటంలో అంత నెత్తురు ఎందుకు? సైన్యం నిజాంను లొంగదీసింది గానీ, అంతకుముందే అనేక గ్రామాల్లో గడీల పెత్తనాన్ని సడలించింది సంఘాలు. 1949లో జాగీర్లు అంత త్వరగా రద్దు కావడానికి ఊళ్ల నుంచి పుట్టిన ఒత్తిడి కారణం కాదనడం కష్టం. సైన్యం వచ్చిన తర్వాత సాయుధ పోరాటం కొనసాగించడం వేరే సంగతి. దాన్ని తప్పుపట్టినవారిలో నారాయణరెడ్డి కూడా ఒకరు. సొంత కమ్యూనిస్టు పార్టీలో ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం తక్కువదేమీ కాదు.

1951లో మాడపాటి హైదరాబాద్ మేయరయ్యారు, తరవాత శాసనమండలి అధ్యక్షుడూ అయ్యారు. 1952లో నారాయణరెడ్డి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. అవి ద్విసభ్య నియోజకవర్గాల లెక్కలు కాబట్టి ఆ పోలికను మరీ ఊరేగించనక్కర్లేదు. కానీ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండి, పీడీఎఫ్ పేరుతో పోటీ చేసిన మనిషికి ఆ ఓట్లు వేసినవాళ్లలో, రూపాయి సభ్యత్వం రోజుల్లో మహాసభ పందిట్లో కూర్చునే వీల్లేనివాళ్లు ఎందరో ఉన్నారు.