కణానికి కాపలాదారు

చౌటుప్పల్‌ అనగానే నల్లగొండ వాళ్లకు నీళ్ల సంగతి గుర్తొస్తుంది. ఫ్లోరైడ్‌ నీళ్లతో ఎముకలు వంకర్లు పోయిన జిల్లా అది. ఆ తర్వాత మిషన్‌ భగీరథగా మారిన వాటర్‌గ్రిడ్‌ పైలాన్‌ను 2015 జూన్‌లో ఇక్కడే ఆవిష్కరించారు. అది బయటి నుంచి వచ్చే ముప్పుకి వేసిన అడ్డుకట్ట. మరి ఆడవాళ్ల ఒంట్లోనే ఎముకలకీ, గుండెకీ, మెదడుకీ కాపలా కాసేదొకటి ఉందని తెలుసా? అదే ఈస్ట్రోజన్‌. నెలసరిని నడిపించే హార్మోన్‌గానే చాలామందికి దాని పేరు తెలుసు.

పొయ్యి... పొగ!

మన కణాల్లో దాదాపు అన్నింటిలోనూ మైటోకాండ్రియా ఉంటాయి. అన్నం తిన్నా, జొన్నరొట్టె తిన్నా చివరికి ఈ బుల్లి పవర్‌హౌసుల్లోనే శక్తిగా మారుతుంది. ఆ శక్తి పేరు ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్క్‌తో కలిసి 1929లో దీన్ని కండరాల్లో గుర్తించారు.

పొయ్యి మండితే పొగ రాక తప్పదు కదా! మైటోకాండ్రియాలోనూ అంతే. ఏటీపీతో పాటు ఫ్రీ రాడికల్స్‌ పుడతాయి. కొద్దిగా అయితే కణమే సర్దుకుంటుంది. ఎక్కువైతే మాత్రం మైటోకాండ్రియా పొర దెబ్బతింటుంది. క్యాల్షియం లోపల పేరుకుపోతుంది, ఏటీపీ తగ్గిపోతుంది. ఆఖరికి సైటోక్రోమ్‌-సి అనే ప్రొటీన్‌ బయటికి కారి, కణం చావుకి దారితీస్తుంది.

ఈస్ట్రోజన్‌ ఇక్కడే అడ్డుపడుతుంది. పొగను మింగేసే ఎంజైములను కణం ఎక్కువగా తయారుచేసుకునేలా చూస్తుంది. పొర చెదరకుండా కాస్తుంది. స్పెయిన్‌లోని వలెన్సియా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధన 2003లో వెలువడింది. ఆడ ఎలుకల మైటోకాండ్రియాలో ఈ పొగ మగవాటికన్నా బాగా తక్కువని తేలింది. అండాశయాలు తీసేస్తే పెరిగింది. ఈస్ట్రోజన్‌ ఇస్తే మళ్లీ తగ్గింది!

ఆపరేషన్‌కి ముందు...

ఎలుకల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15-49 ఏళ్ల మహిళల్లో వందకి ఎనిమిది మందికి పైగా గర్భసంచి తీయించుకున్నవారే. దేశ సగటు మూడు చిల్లర. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకా అదెందుకు?' అనుకునేవాళ్లు ఎందరో. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తేనే అసలు చిక్కు. మన ఆడవాళ్లకి మామూలుగా 46, 47 ఏళ్లకి ముట్లు ఆగుతాయి. ముప్ఫైల్లోనే అండాశయాలు పోతే కాపలాదారు పదిహేనేళ్ల ముందే వెళ్లిపోయినట్టు. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి. ముట్లు ఆగకముందే అండాశయాలు తీయించుకున్నవారిలో తర్వాత మతిమరుపు ముప్పు ఎక్కువని అమెరికాలోని మేయో క్లినిక్‌ 2007లో చెప్పింది.

అలాగని మాత్రలు కొనేసి మింగడం పరిష్కారం కాదు. ముట్లు ఆగిపోయిన వేలమందికి ఈస్ట్రోజన్‌, ప్రొజెస్టిన్‌ కలిపి ఇచ్చిన అమెరికా పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్‌, పక్షవాతం ముప్పు పెరగడమే కారణం. ఎవరికి, ఏ వయసులో, ఎంతకాలం ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. చిన్నవయసులో అండాశయాలు పోయినవారి లెక్క వేరు. వాళ్లు తప్పకుండా డాక్టర్ని అడగాలి.

అనవసర ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. క్యాన్సర్‌ లాంటివైతే ఆపరేషన్‌ తప్పదు. మిగతా సందర్భాల్లో సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. మందులతో తగ్గదా? గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలూ తీస్తారా? తీస్తే ఎందుకు? ఇంకో డాక్టర్‌ మాట కూడా వినండి. అడగడానికి పట్టేది అయిదు నిమిషాలు. తీసేశాక అండాశయాలు మాత్రం తిరిగి రావు.