వేడుక తీరిన పిమ్మట

యాడికి గుట్టలపై తొలకరి చినుకులు పడినంతనే రాళ్ల సందులనుండియు కంపల మొదళ్లనుండియు నక్షత్ర తాబేళ్లు వెలికివచ్చి లేతగడ్డిని మేయుట మా ప్రాంతపు రైతులకు వింత కాదు. సాలునకు 550 మిల్లీమీటర్ల వానతో మనుష్యుడే బ్రదుకలేక వలసపోవు నీ అనంతపురపు మెట్టలో నా ప్రాణి దొరికినదానితో తృప్తిపడి తరతరములుగా జీవించుచున్నది. ఇచ్చట నది సామాన్యజీవి. సముద్రము దాటినంతనే ధనికుల ముచ్చటవస్తువు! మన దేశములోని యొక్క వ్యాపారకేంద్రమునుండియే యేటేట 55,000 తాబేళ్లకు తక్కువ గాకుండ పట్టుకొనిపోబడుచున్నట్లు 2015లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. 2019లో నానాదేశముల వన్యప్రాణి వ్యాపారపుటొడంబడిక దీనిని మొదటి యనుబంధములో చేర్చి, అడవినుండి పట్టినవాని విక్రయమును నిషేధించినది.

అట్లు తరలింపబడిన వానిలో కొన్నిటికి సింగపూరులో నాశ్రయము దొరకినది. అచ్చటి ఏక్రెస్ అను సంఘము సంరక్షించిన 51 నక్షత్ర తాబేళ్లు 2018 నవంబరులో విమానముమీద బెంగుళూరునకు తిరిగివచ్చినవి. మన బిడ్డలను పరాయివారు సాకి మనకప్పగించిరి. మఱి పరాయివారి బిడ్డలు మన యిండ్ల పంజరములలో చిక్కినప్పుడు మనమేమి చేయుచున్నాము?

కొంతకాలము క్రిందట మా జిల్లాలోని యొక వర్తకుడు సలహాకై నాయొద్దకు వచ్చినాడు. కొమార్తె ముచ్చటపడగా దక్షిణ అమెరికాకు చెందిన మకా చిలుకను కొనెనట. పిల్ల చదువునకై దూరదేశము పోయినది. పలుకరించువారులేక యా పక్షి తన యీకలను తానే పెఱికికొనుచు పగలెల్ల నఱచుచున్నది. అది యేబదియేండ్లు బ్రదుకగల ప్రాణి, ఆయనకు నఱువదేండ్లు. “వకీలుగారూ, దీనిని ఎవరికప్పగింపవలెనో చెప్పండి, చాలు,” అన్నాడు. ఇరువదియేండ్లుగా న్యాయవాదవృత్తిలో నున్న నాకు వెంటనే చెప్పుటకు సమాధానము లేకపోయినది.

చట్టము లేదని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన రామచిలుకను పంజరములో నుంచుట నేరము. ప్రక్క పంజరములోని విదేశపు చిలుకనుగూర్చి యా చట్టము చిరకాలము మౌనము వహించినది. 2022లో చేయబడి 2023 ఏప్రిల్ 1నుండి యమలులోనికి వచ్చిన సవరణవలన, ఆ యొడంబడిక పట్టికలలోని విదేశప్రాణులను కలిగియున్నవారు వానిని నమోదు చేయింపవలసినవారైరి. 2024 ఫిబ్రవరిలో నందులకు నియమములును వెలువడినవి. జననము, మరణము, చేతులుమాఱుట, అన్నియు తెలుపవలెను. మంచిదే! కాని లెక్క వ్రాసికొన్నంతమాత్రమున ప్రాణికి నీడ దొరకునా? పుట్టుకకును చావునకును నడుమ యజమాని వేడుక తీరిపోవుట యను దశ యొకటి కలదు. దానికి సరియైన త్రోవ నేర్పరుపవలసియున్నది.

త్రోవ మనకు క్రొత్తదికాదు. 1998లో కేంద్రప్రభుత్వము సింహము, పులి, చిఱుత, ఎలుగుబంటి, కోతులను సర్కసులలో నాడింపరాదని శాసింపగా, 2001 మేలో సుప్రీముకోర్టువారు దానిని ఖాయపఱచిరి. అంతట నిరాశ్రయములైన మృగములకై సెంట్రల్ జూ అథారిటీవారి సాయముతో తిరుపతిలోను విశాఖపట్టణములోను రక్షణకేంద్రములు వెలసినవి. ఆ సింహములలో పెక్కు ఆఫ్రికా ఆసియా జాతుల కలయికవలన పుట్టినవి. వానిని ఏ యడవిలోను విడువరాదు. కావున సంతానము కలుగనీయక, ప్రదర్శనకు పెట్టక, ఆయుశ్శేషమంతయు సాకిరి. ఆ తీరుననే తిరుపతిలో విదేశపు పెంపుడుప్రాణులకొక విభాగము నేల యేర్పఱుపరాదు?

“త్రాగునీటికి కటకటపడు సీమలో చిలుకలకు సత్రమా?” యని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుచేతనే యా వ్యయము వేరుసెనగ రైతు పన్నుమీద పడరాదు. కొన్నవానిమీదను అమ్మినవానిమీదను పడవలెను. 2018 నియమములచొప్పున పెంపుడుప్రాణుల దుకాణములు నమోదు కావలసియేయున్నవి. ప్రాణి ఆయుర్దాయము ననుసరించి యమ్మకమునాడే కొంత సొమ్ము రక్షణనిధికి వసూలు చేయుట కష్టమా? ఏబదియేండ్ల గ్రాసపు భారము ముందే తెలిసినచో కొనువారు తగ్గుదురు. అట్లుకాక సత్రము మాత్రమే కట్టి యూరకున్నచో నది అవివేకుల చెత్తకుండి యగును.

సత్రము లేకున్న నేమగును? యజమాని రాత్రివేళ ప్రాణిని చెఱువులో విడిచి, పుణ్యము చేసితినని యింటికి పోవును. అమెరికానుండి వచ్చిన యెఱ్ఱచెవుల తాబేలు దుకాణములో రూపాయిబిళ్లంత యుండి, పిదప పళ్లెమంత యగును. విడువబడిన చోటెల్ల స్థానికజాతుల తిండిని, తావును ఆక్రమించును. మకా చిలుక మన యెండలో తిండి వెదకుకొన నేరక చచ్చును. ఒకటి చంపును, ఒకటి చచ్చును; రెండును దయ యనిపించుకొనవు.

నేను నిర్దోషినని చెప్పుకొనను. నా బాల్యమున, తాబేలున్న యింట లక్ష్మి నిలుచునని యెవరో చెప్పగా, మావారు గుట్టనుండి నక్షత్ర తాబేటిని తెప్పించి నీళ్లతొట్టిలో వేసిరి. అది మెట్టప్రాణియని, నీటిలో మనజాలదని మాలో నెవరికిని తెలియదు. మూడవనాటి యుదయమున నది తేలియుండెను. దానికి గడ్డి తినిపింపవలెనని తెచ్చిన గుప్పిలి నా చేతనే యుండెను. లక్ష్మి రాలేదు, ఆ పాపము మాత్రము నిలిచినది.

కావున సోదరులారా, వింతను చూడగోరినచో తొలకరి కురిసిన మఱునాడు యాడికి గుట్టలకు రండు. చూడుడు, పిల్లలకు చూపుడు, చేయిచాపక మరలిపొండు. ఇదివఱకే యింట చేరియున్న ప్రాణిని తుదివఱకు సాకుడు. అది సాధ్యము కానినాడు తలదించుకొనకుండ తెచ్చి యప్పగించుటకొక తావుండునట్లు ప్రభుత్వము నడుగుడు. ఆ వర్తకునకు నేనింకను సమాధానము బాకీపడియున్నాను.