మంచు నేల మట్టి – మడ అడవి బురద

జీవశాస్త్రజ్ఞుడనగా తెల్లని కోటు ధరించి సూక్ష్మదర్శినిపై వంగియున్న మనుష్యుడని మన విద్యార్థుల భావము. పాఠ్యపుస్తకములలోని బొమ్మ అట్టిదే. ఆ గాజుపలకపై నున్న చుక్క ఎచ్చటనుండి వచ్చినది, దానిని తెచ్చుటకు ఎవరు ఏ చలిగాలిలో నిలిచిరి అను ప్రశ్న తరగతిలో తలయెత్తదు. ఈ శాస్త్రములో సగము పని గది వెలుపలనే జరుగుచున్నది.

మన దేశపు తొలి అంటార్కిటికా యాత్ర 1981లో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వమున బయలుదేరినది. 1989లో షిర్మాకర్ ఒయాసిస్సున 'మైత్రి' కేంద్రము వెలసినది. ఆ ఒయాసిస్సు మట్టిలో దొరికిన ఒక కొత్త బాక్టీరియాను హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన ఎస్. శివాజీ, ఆయన సహచరులు 1992లో లోకమునకు పరిచయము చేసిరి. అంతటి చలిలో జీవకణము గడ్డకట్టక ఎట్లు బ్రతుకును? దీనికి జవాబు మన వంటయింటనే కలదు. మాఘమాసపు ఉదయమున కొబ్బరినూనె గడ్డకట్టును, నువ్వులనూనె గడ్డకట్టదు. రెండింటి కొవ్వుల నిర్మాణము వేరు. చలి నేలల బాక్టీరియా తన కణపు పొరలో నువ్వులనూనె వంటి కొవ్వులను హెచ్చుగా చేర్చుకొనును. దాని ఎంజైములు కూడ చల్లదనములోనే చురుకుగా పనిచేయును. చన్నీట మురికి వదల్చు సబ్బుపొడులకు అట్టి ఎంజైములే కావలెను.

ఇంటి ముందరి మురుగుకాలువ బాగుపడక ముందే మంచుగడ్డలపై ధనవ్యయ మెందుకని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. అయితే 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటలలో థామస్ బ్రాక్, ఆయనతో కూడ హడ్సన్ ఫ్రీజ్ అను ఒక కళాశాల విద్యార్థి, ఒక బాక్టీరియాను సేకరించిరి. ఆనాడు దానివలన కాసంత ప్రయోజనము కూడ కనిపించలేదు. తరువాత దాని ఎంజైమే డి.ఎన్.ఏ.ను కోట్ల ప్రతులుగా పెంచు పి.సి.ఆర్. పద్ధతికి ప్రాణమైనది. ఆ పద్ధతిని కనుగొన్న కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించినది. 2020లో కరోనా పరీక్షకై ముక్కులో పుల్ల పెట్టించుకొన్నవారిలో పెక్కుమంది ఆ పద్ధతికి ఋణపడినవారే.

దూరమనగా దక్షిణ ధ్రువమే కానక్కరలేదు. 2005లో హైదరాబాదునుండి ఎగిరిన ఒక బెలూను 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని పట్టి తెచ్చినది. అందు మూడు కొత్త బాక్టీరియాలు కలవని 2009లో ఇస్రో ప్రకటించినది. అన్యలోకముల జీవులని కొందరు సంబరపడిరి గాని ఇస్రో అట్లు తేల్చి చెప్పలేదు. వానిలో ఆర్యభట్టు పేరిట నామకరణము పొందిన జాతి తరువాత పొలముల మట్టిలో, మొక్కల వేళ్ళ చెంత సైతము దొరికినది. ఈ సంగతియే ఎక్కువ రుచికరము.

ఇక తెనాలి, బాపట్ల, రేపల్లె బడుల మాట. రేపల్లెకు దిగువన, నిజాంపట్నము ప్రాంతమున, మడ అడవి యున్నది. ఉప్పునీరు, గాలి చొరని బురద, దినమునకు రెండు పోటులు – జీవికి ఇంతకంటె కష్టస్థలము ఏది? తెల్ల మడ తన వేళ్ళను బురదపైకి నిలిపి ఊపిరి తీసికొనును. ఆకుపై ఉప్పును వెడలగ్రక్కును. ఆకు నాకి చూచిన బాలునికి ఆ పాఠము మరపు రాదు. (తిల్లచెట్టును మాత్రము ముట్టనీయరాదు, దాని పాలు కంట పడిన ప్రమాదము.) బురదలోని కుళ్ళిన గ్రుడ్డు వాసన, ఆక్సిజనుకు బదులు సముద్రజలపు సల్ఫేటును వాడుకొను బాక్టీరియాల పని.

ఈ అడవులలో కొంత భాగము రొయ్యల చెరువుల పాలైనది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ చవిచూచినది. అలల ఉధృతిని తగ్గించు చెట్లను నరికి చెరువులు త్రవ్వుట ఏపాటి వివేకమో తీరవాసులకు తెలియును. చెట్టు పోయిన కంటికి కనబడును. దానితో పోవు సూక్ష్మజీవులకు పేరైనను పెట్టబడలేదు. 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల బాపట్లలోనే యున్నది. ఉప్పునీటి సేద్యముపై పరిశోధన అచ్చట జరుగుచున్నది. అట్టి చోటి పిల్లలు మడను బొమ్మలో మాత్రమే చూచి పరీక్ష వ్రాయుట విచారకరము.

ఉపాధ్యాయునికి ప్రయోగశాల లేదను సాకు చెల్లదు. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ చూపిన ఉపాయము కలదు. గాజుసీసాలో గుప్పెడు బురద, చింపిన కాగితము, కొంచెము సుద్దపొడి, కోడిగ్రుడ్డు పచ్చసొన కలిపి, పైన ఆ చోటి నీరే పోసి, మూత వదులుగా బిగించి, వెలుతురు వచ్చు కిటికీ చెంత ఉంచవలెను. కొన్ని వారములకు ఆకుపచ్చ, ఊదా, నలుపు రంగుల పొరలు ఒకదానిపై నొకటి తేలును. ఒక్కొక్క పొర ఒక్కొక్క జాతి నివాసము.

ఇందుకు కావలసినది అటవీశాఖ అనుమతి, ఒక దినపు సెలవు, ఆటుపోటుల వేళ తెలిసిన ఒక పల్లెకారుడు. ఆ దినమును విహారయాత్రగా గాక పనిదినముగా హాజరుపట్టీలో వ్రాయించు బాధ్యత విద్యాశాఖది.