హస్తవాసి మాట అటుంచండి

"ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అన్న ఒక్క మాటతో మన ఊళ్ళలో వైద్యుని యోగ్యతాపరీక్ష ముగిసిపోతుంది. ఆపైన అడిగేవారుండరు. మామూలు జలుబు మందు వేసుకున్నా మానినా వారం పదిరోజులలో తగ్గేదే. కీర్తి మాత్రం సూదిమందుకు దక్కుతుంది. జలుబు తెచ్చేది వైరస్, యాంటీబయాటిక్ దానినేమీ చేయలేదు. అయినా ఐదురోజుల కోర్సు వ్రాయని వైద్యుడు మనకు చేతకానివాడు! నీరసమన్నవారికి సెలైన్ ఎక్కించకపోతే అది అసలు వైద్యమే కాదు. (నోటితో నీరు త్రాగగలవారికి ఆ సీసా ఎందుకో?)

వైద్యం నాణ్యత తెలుసుకోవడానికి కళ్ళు చాలు. రోగి మాట పూర్తికాకముందే కలం కదిలిందా? ఏళ్ళ తరబడి వస్తున్న మధుమేహ రోగి పాదాలను ఒక్కసారైనా పరీక్షించారా? భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళి ఫీజుల వివరాలను బోర్డుపై ప్రదర్శించమంది, చీటీపై రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలంది. 2020లో ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చినా, ఆ నియమాలు రద్దు కాలేదు. మందుల జెనెరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే కాపిటల్ అక్షరాలలో వ్రాయాలన్నది 2016 నాటి సవరణ. మన చీటీనో, ఆ గది నానుకొని ఉన్న మందులషాపువాడు తప్ప అన్యులు చదవలేరు! ఆ గిలుకుడును విద్వత్తుగా భావించి మురిసిపోవడం అమాయకత్వం కాదు, బద్ధకం.

"ఇదేమి మందండీ, దేనికండీ" అని అడిగితే డాక్టరుగారు నొచ్చుకుంటారట. నొచ్చుకోనివ్వండి.