ఫార్మాట్ కొట్టే ముందు
ల్యాప్‌టాప్ మాటిమాటికీ బిగుసుకుపోయి చివరికి ఆన్ కూడా కాకపోతే, రిపేరు షాపులో మొదట వినిపించేది "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్న మాట. దానికి తల ఊపకండి. పాత ల్యాప్‌టాపుల్లో చాలావాటికి నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్కే ఉంటుంది. అందులో సెక్టార్లు పాడవడం మొదలైతే, చదవలేని చోటే డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. అంతసేపూ తెర మీద బాణం కూడా కదలదు. మనమేమో వైరస్ అనుకుంటాం. ఆ స్థితిలో పదేపదే ఆన్ చేయడం, డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడపడం ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించడమే. ముందు డిస్క్ విప్పించి, యూఎస్‌బీ కేసులో పెట్టి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేసుకోవాలి. డిస్క్‌కు విండోస్ తాళం బిట్‌లాకర్ వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలామందికి అది తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్లోనే ఉంటుంది, వెతకండి. ర్యామ్ తీసి పెట్టడం, ఫ్యాన్‌లో దుమ్ము దులపడం ఆ తర్వాత. వేడికి ఆగిపోయే మెషీన్లూ ఉంటాయి, కాదనను. కానీ ఫార్మాట్ చేసే ముందు "ఇందులో మీకు కావాల్సినవి ఏమైనా ఉన్నాయా" అని అడగడం రిపేరు చేసేవాళ్ల కనీస బాధ్యత. మా అమ్మ పాడిన మంగళహారతులు పోయింది ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకే.