ఆ నవ్వు ఎవరి రచన?

1961లో మిలాన్‌లోని ఇటలీ రేడియో స్టూడియోలో స్వరకర్త లూచియానో బెరియో ‘విసాజ్’ అనే టేపు రచన చేశారు. ఇరవై నిమిషాలు సాగే అందులో పాట లేదు. ఒకే ఒక్క ఇటాలియన్ పదం తప్ప మాటా లేదు. ఉన్నదల్లా ఒక స్త్రీ నవ్వు, వెక్కిళ్లు, మూలుగు, తడబాటు, వాటి చుట్టూ ఎలక్ట్రానిక్ ధ్వనులు. ఆ గొంతు గాయని కాథీ బర్బేరియన్‌ది. అశ్లీలమంటూ రేడియో సంస్థ దాన్ని ప్రసారం చేయలేదు. అశ్లీలమనిపించింది ఆమె శరీరం, రచయితగా నమోదైంది ఆయన పేరు. స్టూడియోలో ఆ నవ్వునూ ఏడుపునూ అప్పటికప్పుడు కల్పించింది బర్బేరియనే. నవ్వు ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తెగాలో ఆమె గొంతే నిర్ణయించింది. టేపును కోసి అతికించడం రచన అయినప్పుడు ఈ నిర్ణయాలు ఎందుకు కావు? 1966లో కామిక్ పుస్తకాల చప్పుళ్లను గొంతుతో పలికే ‘స్ట్రిప్‌సొడీ’ని ఆమె తన పేరుతోనే వెలువరించారు. అప్పటిదాకా ఆమె చేసింది రచన కాదనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ధ్వని కళలో స్త్రీ శరీరం ఇతరులు మలుచుకునే ముడిసరుకు కాదు, ఆలోచించి నిర్మించే కర్త. స్త్రీవాద కళాకారుల కృషికి నేను ఇచ్చే విలువంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

స్త్రీ గొంతు సహజంగానే కీచుమంటుందని, గంభీరమైన విషయాలకు పనికిరాదని రేడియో తొలి రోజుల నుంచీ వినిపిస్తూనే ఉంది. ఆ తీర్పులో యంత్రం వాటా ఎంతో మాత్రం చాలామంది అడగరు. ఉదాహరణకు, పాతతరం టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే శబ్దాన్ని మోసేది. స, శ లాంటి ఊష్మాల బలం చాలావరకు అంతకు పైన ఉంటుంది. స్త్రీల ఉచ్చారణలో అది ఇంకాస్త పైకి జరుగుతుంది. అందువల్ల ఒకే కత్తిరింపులో ఆమె మాట స్పష్టతే ఎక్కువగా పోయింది. యంత్రం తీసేసినదాన్ని ఆమె లోపంగా లెక్కగట్టారు. ప్రదర్శన కళాకారిణి లారీ ఆండర్సన్ ఈ సంగతినే వేదిక ఎక్కించారు. తన గొంతును ఎలక్ట్రానిక్ పద్ధతిలో మంద్రానికి దించి, అధికారం చెలాయించే మగవాడిలా మాట్లాడారు. మీట నొక్కితే వచ్చే అధికారం గొంతులో ఉన్నది కాదు, వినేవాళ్ల అలవాటులో ఉన్నది.

ఇక్కడే స్త్రీవాదుల నుంచే బలమైన అభ్యంతరం వస్తుంది. మగవాడు మేధ, ఆడది దేహం అని పితృస్వామ్యం ఎప్పటి నుంచో చెబుతోంది కదా, మళ్లీ ఊపిరి, ఏడుపు, దేహం అంటూ మనమే ఆ గూటికి చేరడమెందుకు అంటారు. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. స్త్రీ గొంతంటే తల్లిప్రేమ, ప్రకృతి, మార్దవం అని కీర్తించే రచనలకు ఇది సూటిగా తగులుతుంది. అయితే పాలిన్ ఒలివెరోస్ దారి వేరు. స్త్రీలను ‘లేడీ కంపోజర్లు’ అని వేరుచేసి పిలవడాన్ని 1970లో న్యూయార్క్ టైమ్స్‌లో నిలదీసిన స్వరకర్త ఆమె. ఆ రోజుల్లోనే శాన్ డియాగోలో స్త్రీల బృందంతో కలిసి ‘సోనిక్ మెడిటేషన్స్’ రూపొందించారు. అందులో స్వరలిపి ఉండదు, మామూలు వాక్యాల్లో సూచనలుంటాయి. మొదటిదానిలో చేయాల్సింది ఊపిరిని గమనించడం, అది మెల్లగా గొంతుగా మారడానికి వదిలిపెట్టడం. సంగీతం నేర్చినవారైనా కాకపోయినా, ఆడైనా మగైనా చేయవచ్చు. దేహం అక్కడ ఆడతనానికి చిరునామా కాదు, శ్రద్ధగా వినడం నేర్చుకునే చోటు. గాయని డయమాండా గలాస్ సంగతి చూడండి. ఎయిడ్స్‌తో సోదరుణ్ణి పోగొట్టుకున్న ఆమె, 1990లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద చర్చిలో ‘ప్లేగ్ మాస్’ వినిపించారు. ఆ అరుపుల్లో మార్దవం వెతకడం వృథా. అది ఏళ్ల సాధనతో పదునెక్కిన ఆగ్రహం. దేహాన్ని దాచేస్తే సమానత్వం రాదు, ‘విసాజ్’ మీది పేరు మారదు.

ఇదేం సంగీతం, నలుగురికీ అర్థం కాని ప్రయోగం అనేవారూ ఉన్నారు. అయితే ధ్వని కళాకారిణి సుసాన్ ఫిలిప్స్ శిక్షణ లేని తన గొంతుతో పాత స్కాటిష్ శోకగీతాన్ని గ్లాస్గోలో క్లైడ్ నది వంతెనల కింద వినిపించారు. దారిన పోయేవారు ఆగి విన్నారు. 2010లో టర్నర్ బహుమతి ఆమెకు దక్కింది. ధ్వని రచనకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

తెలుగువాళ్లకు ఈ చర్చ పరాయిది కాదు. తెర మీది కథానాయికకు వేరే స్త్రీ గొంతు పెట్టడం మన సినిమాల్లో దశాబ్దాలుగా మామూలే. ‘ఏ మాయ చేసావె’లో సమంత పాత్రకు మాట చిన్మయిది. సునీత గొంతు ఎందరు నాయికలకు ప్రాణం పోసిందో ప్రేక్షకులకు తెలుసు. పాత్ర ఎక్కడ నిట్టూర్చాలో, ఏ మాట దగ్గర గొంతు జీరబోవాలో మైకు ముందు నిలబడి తేల్చేది వారే. పోస్టరు మీద నటి పేరు పక్కనే వారి పేరూ అచ్చు కావాలి, సమీక్షకులు నటన గురించి రాసినంత వివరంగా ఆ గొంతు చేసిన పని గురించీ రాయాలి.